16 గంటల విమానానికి స్టేషన్లు పెట్టుకోవడం ఎలా

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం హైదరాబాదులో ఎక్కి తెల్లవారుజామున విశాఖపట్నంలో దిగినవారెవరూ పన్నెండు గంటలు కూర్చున్నామని వాపోవడం నేను వినలేదు. కాజీపేట వస్తుంది, వరంగల్లు వస్తుంది, అన్నం పొట్లాలు విప్పుతారు, ఖమ్మం వెళ్లిపోతుంది, విజయవాడలో టీ కోసం కిందికి దిగుతారు. కొవ్వూరు దాటాక వంతెన చప్పుడుకు మెలకువ వచ్చి గోదావరికి దండం పెట్టుకుని మళ్లీ పడుకుంటారు. పన్నెండు గంటలూ ఒక్కసారిగా ఎవరి మీదా పడవు. స్టేషనుకు ఇంతని పంచుకుని వస్తాయి.

విమానంలో ఆ పంపకం ఉండదు. కిటికీ బయట మేఘాలే, లోపల ముందు సీటు వీపే. అందుకే నాలుగు గంటలకే ఇంకెంతసేపు అనిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: స్టేషన్లు మనమే పెట్టుకోవడం.

మా అమ్మాయి డల్లాస్ దగ్గర ఉంటుంది. నేనూ మా ఆవిడా విజయవాడ నుంచి నాలుగుసార్లు వెళ్లివచ్చాం. మొదటిసారి ఆవిడ బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగలేదు, నేను పక్కవారిని లేపడానికి మొహమాటపడి కాళ్లు కదపలేదు. ఇద్దరం నిద్రపోలేదు. పదకొండో గంటలో దుప్పటి కోసం పోట్లాడుకున్నాం. నాలుగోసారి దిగేటప్పటికి ఇద్దరం తల దువ్వుకుని ఉన్నాం. ఈ మధ్యలో నేర్చుకున్నదే కింద రాస్తున్నాను. మొదటిసారి అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలను దృష్టిలో పెట్టుకుని రాశాను కానీ పిల్లలు చదివి వారికి చెప్పినా ఫలితం ఒకటే.

టికెట్టు తీసేటప్పుడే చేయవలసినవి

ముందు మొత్తం ప్రయాణాన్ని మీ ఒంటి లెక్కలో చూసుకోండి. మేము ఇంటి దగ్గర సాయంత్రం ఆరుకు కారెక్కుతాం. శంషాబాదుకు ఐదు గంటలు. విమానం తెల్లవారుజామున మూడున్నరకు అనుకుందాం. మేం విమానం మారే దోహాకు (ఖతార్ రాజధాని) నాలుగున్నర గంటలు. అక్కడి సమయం ఉదయం ఎనిమిదికి రెండో విమానం. అది డల్లాస్‌లో దిగేసరికి అక్కడ అదే రోజు సాయంత్రం నాలుగు. గడియారం చూస్తే దోహా నుంచి ఎనిమిది గంటలే గడిచినట్టుంటుంది, కానీ మీరు గాలిలో ఉన్నది 16 గంటలు. విజయవాడలో అప్పుడు మర్నాటి తెల్లవారుజాము రెండున్నర. గుమ్మం దాటి ముప్పై రెండు గంటలు దాటిపోయాయన్నమాట. ఈ లెక్క తెలియక చాలామంది విమానం ఎక్కక ముందే అలసిపోతారు. బయల్దేరే రోజు మధ్యాహ్నం చుట్టాలను రావద్దని చెప్పి రెండు గంటలు పడుకోండి. వీడ్కోలు ముందు రోజే చెప్పించుకోవచ్చు.

మధ్యలో విమానం మారే వ్యవధి రెండున్నర నుంచి నాలుగు గంటలుంటే మేలు. గంటన్నర ఉంటే పరుగు తప్పదు, ఎనిమిది గంటలుంటే కుర్చీల్లో నడుము విరుగుతుంది. టికెట్టు నాలుగు వేలు తక్కువని పదిగంటల వ్యవధి ఎంచుకునే పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి.

సీట్లు. పెద్ద విమానాల్లో వరుసకు తరచుగా 3-4-3 గానో 3-3-3 గానో ఉంటాయి. దంపతులైతే మధ్యలోని నాలుగు సీట్ల వరుసలో నడవ పక్కదీ, దాన్ని ఆనుకున్నదీ తీసుకోండి. అప్పుడు ఇద్దరూ ఇతరులను లేపకుండా లేవవచ్చు. కిటికీ సీటు చూడ్డానికి బాగుంటుంది, కానీ లేచిన ప్రతిసారీ ఇద్దరిని కదిలించాలి. ఆ మొహమాటమే మన కాళ్లను వాచేలా చేస్తుంది. కుదుపులంటే భయముంటే రెక్కలకు సమీపంలో తీసుకోండి, తోక దగ్గర ఊగినంతగా అక్కడ ఊగదు. అన్నిటికన్నా ముందు వరుసలో కాళ్లకు చోటెక్కువే, కానీ పసిపిల్లల ఉయ్యాలలు బిగించేది కూడా అక్కడే.

భోజనం ముందుగా చెప్పి పెట్టుకోవాలి. బయల్దేరడానికి కనీసం రెండు రోజుల ముందు చెబితే మంచిది. ఇక్కడ ఒక మెలిక ఉంది. శాకాహారులు జాబితాలో 'హిందూ మీల్' అన్న మాట చూసి సంతోషంగా నొక్కేస్తారు. అది శాకాహారం కాదు, గొడ్డు మాంసం లేని మాంసాహారం. మొదటిసారి మా ఆవిడ మూత తీసేసరికి కోడికూర కనిపించింది. మీకు కావలసింది 'ఏషియన్ వెజిటేరియన్', సాంకేతికాక్షరాల్లో ఎ.వి.ఎం.ఎల్. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు తిననివారికి జైన భోజనం, మధుమేహం ఉన్నవారికి డయాబెటిక్ భోజనం వేరుగా ఉంటాయి. ఇలా ముందుగా చెప్పినవారికి సాధారణంగా అందరికన్నా ముందే వడ్డిస్తారు. అది చిన్న సుఖం కాదు.

వీల్‌చెయిర్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మోకాళ్లు, గుండె, ఆయాసం ఉన్నవారు తప్పక తీసుకోండి, ముందే అడగండి. నడవగలిగిన వారు ఇంగ్లీషు రాదన్న భయంతో తీసుకుంటున్నారు. భయం నిజమే కానీ దానికి వేరే దారి ఉంది, కింద చెబుతాను. 16 గంటలు కూర్చోబోయే కాళ్లకు దోహాలో అరగంట నడక దొరకడం అదృష్టం. దాన్ని కుర్చీకి ఇచ్చేయకండి.

వారం ముందు

డాక్టరును ఒకసారి కలవండి. రక్తపోటు, మధుమేహం, ఈ మధ్య శస్త్రచికిత్స, ఇదివరకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే తప్పనిసరిగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే సిరల్లో గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది. కంగారు పడకండి, రెట్టింపైనా అది సుమారు ఆరువేల మందిలో ఒకరికే. పిక్కలను బిగించి పట్టే సాగే మేజోళ్లు మీకు అవసరమా, ఏ కొలతవి అన్నది డాక్టరే చెప్పాలి. పక్కింటివారు చెప్పారని ఆస్పిరిన్ మింగకండి. నిద్రమాత్రలూ వద్దు, వాటి మత్తులో కాళ్లు గంటల తరబడి కదలవు.

మందులు వేసుకునే వేళల గురించి కూడా అప్పుడే అడగండి. పడమటికి వెళ్తున్నాం కాబట్టి ఆ రోజు పదిన్నర, పదకొండున్నర గంటలు సాగుతుంది. రోజుకొక మాత్ర ఎప్పుడు, ఇన్సులిన్ ఎంత అన్నవి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవారు పళ్లెం ఎదుటికి వచ్చాకే సూది వేసుకోవాలి. భోజనం వస్తోందని ముందే వేసుకుంటే, అంతలో కుదుపులు వచ్చి బండి వెనక్కి వెళ్లిపోతే ప్రమాదం.

ఇక ఇంగ్లీషు భయానికి మందు. పోస్టుకార్డంత అట్టముక్క మీద పిల్లల చేత పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాయించండి: నాకు తెలుగు మాత్రమే వచ్చు. నీళ్లు కావాలి. నేను శాకాహారిని. చలిగా ఉంది, దుప్పటి కావాలి. ఒంట్లో బాగాలేదు. నా తరువాతి విమానం ఫలానా గేటులో. ప్రతి వాక్యం కింద తెలుగు అర్థం. అవసరమైన వాక్యం మీద వేలు పెట్టి చూపిస్తే చాలు. మా పిన్ని ఒక్కతే వెళ్లినప్పుడు ఆ అట్టముక్కతోనే డల్లాస్ చేరింది. ఇప్పుడు దాన్ని పూజగదిలో పెట్టుకుంది.

చేతిసంచి సర్దడం

పెద్ద పెట్టెల సంగతి అందరికీ తెలుసు. ప్రయాణం సుఖంగా గడిచేది చేతిసంచితో. దాన్ని రెండు సంచులుగా ఆలోచించుకోండి: ఒకటి తలపై అరలోకి వెళ్లే సంచి, రెండోది మీ ముందు సీటు కింద ఉండే చిన్న సంచి. అస్తమానం అక్కరకొచ్చేవన్నీ రెండో దాంట్లోనే ఉండాలి.

ప్రయాణకాలానికే కాక మరో వారానికి సరిపడా మందులు, చీటీతో సహా. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి, విమానం కడుపులో చలికి గడ్డకట్టవచ్చు. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో నిషిద్ధం. కొన్ని సంస్థలు లోపల దాన్ని వాడనివ్వడం లేదు కాబట్టి ఫోను నిండుగా ఛార్జి చేసుకుని ఎక్కండి. శాలువా, మందపాటి సాక్సులు, చెవులు కప్పే టోపీ. మంకీ టోపీ పెట్టుకుంటే నవ్వుతారేమో అనుకోకండి, రెండు గంటలయ్యాక నవ్వినవారే అసూయపడతారు. కంటి గంతలు, మెడ దిండు, ఖాళీ నీళ్ల సీసా, బ్రష్షు, దువ్వెన, చిన్న అద్దం, చిన్న డబ్బాలో కొబ్బరినూనె. ద్రవాలు ఏవైనా ఒక్కోటి 100 మిల్లీలీటర్లు దాటకూడదు. నాలుగు కాగితం గ్లాసులు కూడా పెట్టుకోండి, ఎందుకో తరువాత తెలుస్తుంది.

తినడానికి పొడివి. ఆవకాయ సీసా, పెరుగన్నం డబ్బా తనిఖీలో తీయించేస్తారు. దోహాలో మళ్లీ తనిఖీ ఉంటుందని మరవకండి. పులిహోర శంషాబాదులో తినేయడానికి, విమానంలోకి కాదు. కారప్పూస, చిక్కీ, రెండు కాజాలు, చిన్న పొట్లంలో కారప్పొడి. పచ్చి కరివేపాకు, పండ్లు మాత్రం అమెరికాలో దిగేసరికి మీ దగ్గర ఉంచుకోకండి, అక్కడ అనుమతించరు.

బట్టలు వదులుగా ఉంటే చాలు. చీర కట్టుకుంటే పిన్నీసులు తగ్గించండి, తనిఖీలోనూ నిద్రలోనూ అవే గుచ్చుకుంటాయి. చెప్పులు ఒక సైజు వదులుగా ఉండాలి. బిగుతు ఉంగరాలు ఇంట్లోనే తీసి పెట్టండి, వేళ్లు కాస్త ఉబ్బుతాయి.

ఎక్కిన మొదటి గంట: చప్పుళ్లను పోల్చుకోండి

తెలియని చప్పుడే సగం భయం. వీటిని ముందే తెలుసుకుని ఎక్కితే గుండె అంతగా కొట్టుకోదు.

చిన్న ఎయిర్‌బస్ విమానాల్లో బయల్దేరే ముందు నేల కింద కుక్క మొరిగినట్టో, రంపం కోసినట్టో వినిపిస్తుంది. అది హైడ్రాలిక్ పంపు. నేల విడిచిన కొద్ది క్షణాలకు కింద దబ్బున చప్పుడవుతుంది. చక్రాలు లోపలికి ముడుచుకుని తలుపులు మూసుకుంటున్నాయి. ఆ తరువాత ఇంజన్ల హోరు ఒక్కసారి తగ్గి కిందికి జారుతున్నట్టు అనిపిస్తుంది. జారడం లేదు, పైకి లేవడానికి వాడిన అదనపు బలాన్ని తగ్గించారంతే, విమానం ఎక్కుతూనే ఉంటుంది. ఉండి ఉండి 'టింగ్' మంటుంది. అది చాలావరకు సిబ్బంది ఒకరినొకరు పిలుచుకోవడమో, ఎవరో నీళ్లు అడగడమో.

చెవులు మూసుకుపోతే చిక్కీ నమలండి, గుటకలు వేయండి. అప్పటికీ తెరుచుకోకపోతే ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా గాలిని చెవుల వైపు నెట్టండి. మెల్లగానే సుమా. పసివారికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టడం ఉత్తమం.

సీటు బెల్టును దుప్పటి పైన పెట్టుకోండి. లోపల పెట్టుకుంటే కుదుపులు వచ్చిన ప్రతిసారీ సిబ్బంది చూడడానికి మిమ్మల్ని లేపుతారు.

స్టేషన్లు

దోహాలో సీట్లో కూర్చోగానే చేతి గడియారాన్ని డల్లాస్ సమయానికి తిప్పేయండి. మన లెక్కలో అప్పుడక్కడ అర్ధరాత్రి పన్నెండు. ఎంత సౌకర్యమో చూడండి: శంషాబాదులో మీరు ఎలాగూ నిద్ర పోగొట్టుకున్నారు, డల్లాస్‌లో ఎలాగూ రాత్రి. కాబట్టి ప్రయాణంలో మొదటి సగం రాత్రి, రెండో సగం పగలు. బయట ఎండ కాస్తూనే ఉంటుంది. సూర్యుడి వెంట పడమటికి పోతున్నాం కాబట్టి చాలాసేపు చీకటి పడదు. కిటికీ మూసేసి గడియారాన్నే నమ్మండి. మీ విమానం వేళ వేరైతే, దిగే ఊరిలో రాత్రి ఎప్పుడో చూసుకుని ఇదే విధంగా విభజించండి.

మేమిద్దరం స్టేషన్లకు రైలు పేర్లే పెట్టుకున్నాం.

కాజీపేట: మొదటి భోజనం, గంటా గంటన్నరకు. మొత్తం తినకండి, సగం చాలు. కాఫీ వద్దు.

వరంగల్లు: భోజనం పళ్లాలు తీసేయగానే. అందరూ బాత్రూంకు లేచేది అప్పుడే, కాస్త ఆగి వెళ్లండి. పళ్లు తోముకుని, సాక్సులు మార్చుకుని, ముక్కు రంధ్రాల అంచులకు, పెదవులకు కొబ్బరినూనె రాసుకుని, గంతలు కట్టుకుని పడుకోండి. ఇంట్లో పడుకునే ముందు ఏం చేస్తారో అదే వరుసలో చేస్తే ఒంటికి రాత్రయిందని తెలుస్తుంది. నిద్ర రాకపోతే ఫరవాలేదు. కళ్లు మూసుకుని ఉండడం కూడా విశ్రాంతే. రావాలని పట్టుబడితే అసలు రాదు.

ఖమ్మం: నాలుగు, ఐదు గంటల దగ్గర ఎలాగూ మెలకువ వస్తుంది. ఒక గ్లాసు నీళ్లు, నడవలో అటూ ఇటూ రెండు సార్లు, మళ్లీ పడక. టీవీ తెర ముట్టుకోకండి. ఆ వెలుగు కళ్లలో పడితే ఖమ్మంలోనే తెల్లవారిపోతుంది.

విజయవాడ: ఎనిమిదో గంట. డల్లాస్‌లో ఉదయం ఎనిమిది. సగం దూరం అయిపోయింది, మా ఊరు కూడా. ఇది పెద్ద స్టేషను, అరగంట ఆగాలి. ముఖం కడుక్కోండి, తల దువ్వుకోండి, బొట్టు పెట్టుకోండి, చొక్కా మార్చుకోండి. ఇప్పుడు కాఫీ అడగండి. రోజూ చేసే పారాయణమో, పద్య పఠనమో, పదవినోదమో ఇప్పుడు. విమానం వెనుక వంటగది దగ్గర కాస్త చోటుంటుంది. అక్కడ మడమలెత్తి దించడం ఇరవైసార్లు చేయండి. అక్కడ నిలబడితే మరో తెలుగు దంపతులు తప్పక కలుస్తారు. వారి అమ్మాయి కూడా డల్లాస్ దగ్గరే ఉంటుంది. అరగంట తెలియకుండా గడిచిపోతుంది.

ఏలూరు, తాడేపల్లిగూడెం: చిన్న స్టేషన్లు. ఒక సినిమా, ఒక కునుకు. తెలుగు సినిమాలు విమానంలో తక్కువగా ఉంటాయి, ఉన్నవి మీరు చూసేసినవే అయి ఉంటాయి. ఇంటి నుంచి ఫోనులో దింపుకుని తెచ్చుకోండి.

రాజమండ్రి: పదకొండో గంట. దీన్ని ప్రత్యేకంగా రాసుకోండి, ఎందుకంటే అసలు కష్టం ఇక్కడే. సగం దాటిన ఉత్సాహం అయిపోతుంది, చివర ఇంకా కనబడదు. నడుము పట్టేస్తుంది, పక్కవారి గురక పెద్దదవుతుంది, ఎవరో చిన్నపిల్లవాడు మీ సీటును తన్నుతూ ఉంటాడు. ఈ గంటలో వచ్చే ఆలోచనలను నమ్మకండి. ఆరు నెలలు అక్కడ ఎలా ఉండగలం, ఇంటి తాళం సరిగ్గా వేశామా, అల్లుడు ఆ రోజు అలా ఎందుకన్నాడు వంటివన్నీ ఈ గంటలోనే వస్తాయి. వాటికి మీ నడుము నొప్పే మూలం. మా ఇంట్లో నియమం: రాజమండ్రిలో డబ్బు గురించి, స్థలాల గురించి, చుట్టాల గురించి మాట్లాడకూడదు. లేవాలి. ముఖం కడుక్కోవాలి. సీటు మార్చుకోవాలి, ఆవిడ నా చోట, నేను ఆవిడ చోట. ఆశ్చర్యంగా అదొక్కటే సగం చికాకు తీసేస్తుంది. నాలుగు లెక్కబెడుతూ ఊపిరి పీల్చి ఆరు లెక్కబెడుతూ వదలడం పదిసార్లు చేయండి. దాచిన కాజా ఒకటి తినండి.

సామర్లకోట: పదమూడు. రెండో కాజా. కాళ్లు చూసుకోండి. రెండు కాళ్లూ కొద్దిగా వాయడం మామూలే. ఒక్క పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటేనో, ఆయాసం వస్తేనో వెంటనే సిబ్బందికి చెప్పండి. దిగాక ఒకటి రెండు వారాల్లో కనిపించినా అశ్రద్ధ చేయకండి.

అనకాపల్లి: చివరి ఫలహారం. దువ్వాడ: బెల్టులు పెట్టుకోమని ప్రకటన.

తెర మీద విమానం పటం చూడడానికి కూడా స్టేషన్లలో మాత్రమే అనుమతి ఇచ్చుకోండి. అస్తమానం చూస్తే అది కదలదు. ఒకసారి చూస్తే మాత్రం ఆసక్తిగా ఉంటుంది. పటం మీద తిన్నగా పడమటికి పోకుండా ఉత్తరానికి ఎందుకు ఎక్కుతోందని అనుమానం వస్తుంది. భూమి గుండ్రన కదా, గ్లోబు మీద దారం లాగి చూస్తే దగ్గర దారి అదే.

నీళ్లు, తిండి

విమానం లోపలి గాలిలో తేమ తరచుగా 20 శాతం లోపే ఉంటుంది. గొంతు ఎండడం, ముక్కు మంట, కళ్లు గరగరలాడడం అందుకే. గంటకొక అరగ్లాసు చొప్పున తాగుతూ ఉండండి. గుండె, మూత్రపిండాల జబ్బులకు నీటి పరిమితి ఉన్నవారు డాక్టరు చెప్పినంతే. ఖాళీ సీసాను వెనుక వంటగదిలో నింపమని అడిగితే ఇస్తారు. బాత్రూంకు లేవాల్సి వస్తుందన్నది నీళ్లు మానడానికి కారణం కాదు. నన్నడిగితే అదే తాగడానికి కారణం: లేస్తే కాళ్లు కదులుతాయి.

లోపలి గాలి ఒత్తిడి సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. మీ సంచిలోని కారప్పూస పొట్లం బెలూనులా ఉబ్బడం చూడండి. మీ పొట్టలోని గాలి కూడా అలాగే, ఎనిమిది వేల అడుగుల ఒత్తిడిలో మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. అందుకని ముందు రోజు శనగలు, రాజ్మా, క్యాబేజీ, విమానంలో సోడా పానీయాలు మానండి.

అక్కడి వంట చప్పగా ఉందని వంటవారిని తిట్టకండి. ఎండిన ముక్కు, తగ్గిన ఒత్తిడి, ఇంజన్ల హోరు కలిసి ఉప్పు, తీపి రుచులను మందగింపజేస్తాయి. టమాటా రుచి మాత్రం అంతగా తగ్గదు. టమాటా రసం ఇస్తే అందులో చిటికెడు కారప్పొడి కలుపుకోండి. చారు కాదు, కానీ ఆ ఎత్తులో చారుకు దగ్గరి బంధువు.

బాత్రూం సంగతి

దీని గురించి ఎవరూ చెప్పరు, అందరూ అవస్థ పడతారు. తలుపు మీద ఆకుపచ్చ గుర్తుంటే ఖాళీ, ఎరుపుంటే లోపల ఎవరో ఉన్నారు. కొన్ని తలుపులు మధ్యలో నొక్కితే లోపలికి మడుచుకుంటాయి, లాగకండి. లోపల గడియ వేస్తేనే పూర్తి వెలుతురు వస్తుంది. చాలా విమానాల్లో కడుక్కోవడానికి నీటి గొట్టం ఉండదు, కాగితమే. కాగితం గ్లాసులు అందుకే: ముందుగా కుళాయి దగ్గర రెండు నింపి పక్కన పెట్టుకోండి, నేల తడిస్తే కాగితంతో తుడిచి రండి. గ్లాసును తొట్టిలో కాక చెత్తబుట్టలో వేయండి. మీట నొక్కగానే పెద్దగా పీల్చిన చప్పుడవుతుంది, ముందే మూత వేసి నొక్కితే ఉలిక్కిపడరు. సాక్సులతో మాత్రం వెళ్లకండి. నేల మీద తడి నీళ్లదే అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కుదుపులు వచ్చినప్పుడు

గతుకుల రోడ్డు మీద బస్సు ఊగినట్టే, గాలిలో గతుకులకు విమానం ఊగుతుంది. కిటికీ నుంచి చూస్తే రెక్కల కొసలు పైకీ కిందికీ వంగుతుంటాయి. వంగేలాగే వాటిని కడతారు. 2010లో బోయింగ్ 787 రెక్కను పరీక్షించినప్పుడు సుమారు 25 అడుగులు పైకి వంచి చూశారు, విరగలేదు. గాయాలయ్యేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివారికే. కాబట్టి గుర్తు ఆరిపోయినా కూర్చున్నంతసేపూ బెల్టు వదులుగానైనా ఉంచుకోండి. ఊగుతున్నప్పుడు చేతిలో వేడి కాఫీ వద్దు. సిబ్బంది ముఖాలు చూడండి. వాళ్లు పళ్లాలు సర్దుకుంటుంటే మీరు కళ్లు మూసుకోవచ్చు.

దిగేటప్పుడు

దువ్వాడ వచ్చిందంటే నిద్రపోకండి. నిద్రలో గుటకలు పడవు, చెవులు నొప్పి పుడతాయి. మీ ఖాళీ సీసాను పైన ఉండగా గట్టిగా మూసి ఉంటే కిందికి వచ్చేసరికి నలిగిపోయి ఉంటుంది. మనవడికి చూపించడానికి దాచండి. చెప్పులు ఇప్పుడే వేసుకోండి, తలుపు తీశాక వెతికితే దొరకవు. పాస్‌పోర్టు, పిల్లల చిరునామా, ఫోను నంబరు, తిరుగు టికెట్టు కాగితం చేతిలోకి తీసుకోండి. ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎక్కడ ఉంటారు అని అడుగుతారు. అడిగినంతకే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ ప్రయాణం డల్లాస్‌తో ఆగక మరో ఊరికి ఉంటే, అమెరికాలో మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి.

ఇంటికి చేరేసరికి ఆరున్నర అవుతుంది. మీ ఒంటికి తెల్లవారుజాము ఐదు. సోఫాలో ఒరిగితే అర్ధరాత్రి ఒంటిగంటకు లేచి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తారు. స్నానం చేసి, వేసవి అయితే ఇంకా ఎండ ఉంటుంది కాబట్టి మనవడి చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిచి రండి. తొమ్మిదింటి వరకు ఎలాగో మెలకువగా ఉండండి. పెట్టెలు మర్నాడు విప్పవచ్చు. ఆవకాయ సీసా కారిందో లేదో మాత్రం మా ఆవిడ ఆ రాత్రే చూస్తుంది, దానికి నా దగ్గర ఉపాయం లేదు.